పట్టుగుడ్డ మీది లాప్‌టాప్, తెగిపోయిన గుక్క

మీ లాప్‌టాప్‌లో రికార్డవుతున్న పాట మధ్యలో చిటపటమంటే, మీరు మొదట ఎవరి మొహం వంక చూస్తారు?

జవాబు నాకు తెలుసు. పాడుతున్న మనిషి వంక చూస్తారు. లాప్‌టాప్ మీరు కొన్నది. మైకు మీరు ఎంచుకున్నది. గది మీది. ఆ గదిలో మీ సొంతం కానిది పాడే మనిషి ఒక్కరే. కాబట్టి తప్పు అక్కడే కనిపిస్తుంది. "అమ్మా, ఇంకోసారి" అంటారు. మళ్లీ చిటపటమంటుంది. "గొంతు సరిచేసుకుని పాడండి" అంటారు. నేనూ అలాగే అన్నాను. ముప్పై ఏళ్లు శబ్దంతోనే బతికినవాణ్ణి, నేనే అలా అన్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇరవై ఏళ్లు ఇనుప గనుల ఊరు కిరందుల్ టౌన్‌షిప్‌లో కంపెనీ ఆడిటోరియం సౌండు చూశాను. తర్వాత గీదం చౌరస్తాలో చిన్న దుకాణం పెట్టుకుని, ఇళ్లలో లాప్‌టాప్ మీద పాటలు రికార్డు చేసుకునేవాళ్ల తిప్పలు తీర్చడమే పనిగా బతికాను. బచేలీ నుంచి కోంటా దాకా నన్ను 'సౌండు దాదా' అనేవాళ్లు, దాదా అంటే అక్కడ అన్న. కుడి చెవి సగం పోవడంతో కిందటేడు దుకాణం మూసేశాను. నాకు వచ్చిన మెమెంటోల గురించి రాయను. అవి ఇనప్పెట్టెలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు పనికొచ్చేది నా ఘనత కాదు, నేను చేసిన తప్పు.

శబ్దం ఎక్కడ తెగుతుంది

ముందు యంత్రం సంగతి. లాప్‌టాప్ పాటను ధారగా తీసుకోదు. చెంబులతో తోడినట్టు కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. ఒక చెంబు వంపేలోగా రెండోది నిండుతుంది. వంపడం ఆలస్యమైతే నిండిన చెంబులోది నేలపాలవుతుంది. అలా ఒలికినచోట మనకు 'టప్' అని వినిపిస్తుంది. వరసగా ఒలికితే చిటపట. ఆ చెంబునే బఫరు అంటారు. ఇందులో దైవమూ లేదు, దెయ్యమూ లేదు. పని ఆలస్యమైంది, అంతే.

ఎందుకు ఆలస్యమైందన్నదే మన వృత్తి మొత్తం. కానీ మనవాళ్లకు కారణం అక్కర్లేదు, మంత్రం కావాలి. ఈ వృత్తిలో మంత్రం పేరు 'బఫర్ బఢావో'. గీదంలో హల్బీ భాష పాటల చానల్ నడిపే ఒకాయన నా దుకాణానికి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"దాదా, యూట్యూబులో అందరూ బఫర్ పెంచమన్నారు. పెంచాను. చిటపట తగ్గింది గానీ మా వదిన తాళం తప్పుతోంది."

"తప్పదూ మరి? చెంబు పెద్దదైతే వంపడానికి అంతసేపు పడుతుంది. ఆమె పాడింది ఆమె చెవికి ఆలస్యంగా చేరుతోంది. పాపం, తన గొంతు కోసం తనే ఆగుతోంది."

"అయితే తప్పు వదినది కాదా? మూడు రోజుల్నుంచి తిడుతున్నాను."

"ముందు ఇంటికెళ్లి ఆ సంగతి ఆవిడకు చెప్పు. తర్వాత కరెంటు పోతుందన్న భయంతో నువ్వు పెట్టుకున్న ఆ బ్యాటరీ పొదుపు తీసెయ్. లాప్‌టాప్‌ను సగం కడుపుతో పని చేయిస్తున్నావు."

నవ్వుకుంటూ వెళ్లాడు. వదినకు చెప్పాడో లేదో నాకు తెలియదు. అడగలేదు. 'చెప్పావా' అని అడగడం కూడా పనిలో భాగమేనని నాకు అప్పటికి తెలియదు.

నాకు పని నేర్పిన అధికారి

టౌన్‌షిప్‌లో నా మీద ఒక ఇంజినీరు ఉండేవాడు. పేరు అనవసరం. ఒకసారి భద్రతా వారోత్సవాల సభలో పెద్ద అధికారి మాట్లాడుతుండగా మైకు గరగరమంది. ఇంజినీరు పరిగెత్తుకొచ్చి మైకు మార్పించాడు. కాసేపటికి గనిలో డ్రిల్లు మీద పనిచేసే కార్మికుడొకడు అదే వేదిక ఎక్కి ధూళి గురించి, మాస్కుల గురించి మాట్లాడుతున్నాడు. మళ్లీ గరగర. నేను మైకు తీసుకుని బయల్దేరాను. ఇంజినీరు నా భుజం పట్టుకుని ఆపాడు.

"ఎక్కడికి?"

"మైకు మార్చడానికి సార్."

"మైకెందుకు? మనిషిని దింపు. నోరు దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు, మాట్లాడ్డం రాదు."

మనిషిని దింపాం. తర్వాత వైరు విప్పి చూస్తే వేదిక కింద కుర్చీ కాలు పడి నలిగిపోయి ఉంది. ఇద్దరి మైకుల వైరూ అదే. ఒకే లోపం. పెద్దాయన విషయంలో అది యంత్రానిది, కార్మికుడి విషయంలో మనిషిది. ఇంజినీరును చాలా ఏళ్లు అసహ్యించుకున్నాను. అతని చెయ్యి నా భుజం మీదే ఉండిపోయిందని బచేలీ వెళ్లాక తెలిసింది.

బచేలీలో ఆదివారాలు

బచేలీలో సూర్యనారాయణ గారని ఫోర్‌మన్. విజయనగరం వైపు మనిషి. మంచివాడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. దోర్లీ భాష పాటలు పోతున్నాయని బాధపడి, సొంత జీతంతో లాప్‌టాప్, మైకు కొని, క్వార్టర్ ముందు గదిలో దుప్పట్లు కట్టి చిన్న స్టూడియో చేసుకున్నాడు. ఆయన ఇంట్లో వంట చేసే సమ్మక్కది ఎర్రబోరు దగ్గరి పల్లె. ఆమె తల్లి ముత్తమ్మ. చలికాలం కూతురి దగ్గర ఉండడానికి వచ్చిన ముత్తమ్మకు తమ పల్లె నాట్ల పాట వచ్చని తెలిసి ఫోర్‌మన్ గారు పొంగిపోయాడు.

ఆ పాట ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వాళ్ల పొలాలు వాగుకు రెండు పక్కలా ఉన్నాయి. ఈ గట్టు ఆడవాళ్లు ఒక చరణం పాడి చివరి అచ్చును పట్టుకుంటారు. ఊపిరి ఉన్నంతసేపూ వదలరు. అవతలి గట్టువాళ్లు విని, నడుమెత్తి, అదే స్వరంలో అందుకునేదాకా ఇవతలివాళ్లు వదలకూడదు. ఆ గుక్క పాటకు సింగారం కాదు. వాగు దాటే వంతెన అదే. వదిలేస్తే పాట ఈ గట్టునే ఆగిపోతుంది.

నాలుగు ఆదివారాలు రికార్డు చేశారు. ప్రతిసారీ ముత్తమ్మ గుక్క పట్టినచోటే చిటపట. ఫోర్‌మన్ గారు నాకు ఫోను చేశాడు.

నేను వెళ్లేసరికి లాప్‌టాప్ బల్ల మీద మడత పెట్టిన ఎర్ర పట్టుగుడ్డ మీద ఉంది. మూత మీద కుంకుమ బొట్టు. చూసి నవ్వుకున్నాను. అంతే చేశాను, నవ్వుకున్నాను.

"యంత్రం భేషుగ్గా ఉందండీ," అన్నాడాయన. "ఋజువు చూడండి. ప్రతి ఆదివారం ముందు నేను వినాయకుడి మీద ఒక కీర్తన పాడి రికార్డు చేస్తాను. శుభ్రంగా వస్తుంది. ఆ తర్వాత ఈవిడ పాడుతుంది. మొదటి చరణం పరవాలేదు. పోనుపోనూ గొంతు చిట్లుతుంది. వయసు కదండీ, అలుపు."

ఆయన కీర్తన విన్నాను. శుభ్రంగా ఉంది. ముత్తమ్మ పాట విన్నాను. చిట్లుతోంది. లాప్‌టాప్ ఆన్ చేసి, మైకు ముందు నేనే కాసేపు మాట్లాడి చూశాను. ఒక్క 'టప్' లేదు. వైర్లు చూశాను, సెట్టింగులు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చాపమీద కూర్చున్న ముత్తమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూస్తోంది. గుమ్మంలో సమ్మక్క.

"ఏంది దాదా? మిషనుది ఖరాబా, నాదా?" అంది ముత్తమ్మ.

"మిషను బాగానే ఉందమ్మా," అన్నాను.

నేను చెప్పకుండా మింగిన రెండో సగం ఆమెకు వినపడింది.

"జర చిన్నగ ఇడువు అమ్మా," అంది సమ్మక్క తల్లితో. "గంత పొడుగు గుంజకు. సార్ వాళ్లకు తిప్పలైతున్నది."

"గుంజకుంటే గా గట్టుకు ఎట్ల పోతది?" అంది ముత్తమ్మ.

ఫోర్‌మన్ గారు నవ్వాడు. "ఇక్కడ వాగు లేదుగా ముత్తమ్మా! మైకు మూరెడు దూరంలోనే ఉంది."

ముత్తమ్మ కూడా నవ్వింది. పెద్దమనిషి హాస్యమాడితే నవ్వాలి కాబట్టి నవ్వింది.

నా కత్తెర

ఆ రోజు నేను చేసిన పని చెబుతున్నాను. చిటపట ఉన్నచోటల్లా కోసేశాను. కంప్యూటర్లో కోయడం చాలా తేలిక. చిట్లింది గుక్కలే కాబట్టి కోసింది గుక్కలే. ఒక్కో గుక్కలో మూడో వంతు కూడా మిగల్చలేదు. అతుకు తెలియకుండా చరణం వెంట చరణం కలిపాను. ఎంత శుభ్రంగా వచ్చిందంటే ఫోర్‌మన్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"అద్భుతం అండీ! ఇప్పుడు పాటలా ఉంది."

తర్వాత, పాతవి పోగైతే లాప్‌టాప్ నిదానిస్తుందని చెప్పి, కోయని అసలు రికార్డింగులన్నీ చెరిపేశాను. శుభ్రంగా పనిచేసేవాణ్ణని నాకు పేరుండేది.

ముత్తమ్మకు ఆ పాట వినిపించారు. విని, కొంగు సవరించుకుని, "మంచిగున్నది" అంది. లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే అవతలోళ్లు ఎప్పుడు అందుకుంటరు?" అంది. ఫోర్‌మన్ గారు పాటను అప్పటికే ఫోన్లో పది చోట్లకు పంపుతున్నాడు.

ఎర్ర పొడి

తర్వాతి సెప్టెంబరులో, విశ్వకర్మ పూజ మర్నాడు ఫోర్‌మన్ గారే మళ్లీ పిలిచాడు. ఈసారి, పొద్దుటి నుంచీ ఆపకుండా నడిపిన యంత్రంలో ఆయన కీర్తనే చిట్లుతోంది.

"ఆశ్చర్యంగా ఉందండీ. నిన్నే పూజ చేశాను. గనిలో యంత్రాలకు చేసినట్టే దీనికీ పసుపు, కుంకుమ, అక్షింతలు, ధూపం అన్నీ వేశాను."

ఇనుప ఖనిజం ఊళ్లో ఏ యంత్రం పాడైనా అందరూ ఎర్ర ధూళినే అంటారు. నేనూ అదే అనుకుని లాప్‌టాప్ ఎత్తాను. అడుగు పెనంలా కాలుతోంది. గుడ్డ వెచ్చగా ఉంది. గాలి పీల్చుకునే చిల్లులన్నీ కిందే ఉంటాయి, ఆ చిల్లులను పట్టుగుడ్డ మూసేసింది. అడుగు పలక విప్పాను. ఫ్యాను రెక్కల మధ్య ఎర్రగా పేరుకుని ఉంది. ఊదాను. ఖనిజం ధూళి అయితే ఊదితే లేస్తుంది. ఇది లేవలేదు. వేలితో గీరి వాసన చూశాను. నూనె కలిసిన కుంకుమ. ఒక ఏడాదిది కాదు. పొర మీద పొర, కొన్నేళ్లుగా చేసిన పూజలన్నీ ఉన్నాయి. రెక్కకు ఒక బియ్యపుగింజ కూడా అంటుకుని ఉంది.

"ఇదండీ మీ చిటపట," అన్నాను.

"మీరు నాస్తికులు కాబట్టి మీకు కుంకుమే కనబడుతుంది."

"నేను నాస్తికుణ్ణో కాదో ఈ ఫ్యానుకు తెలియదండీ. దానికీ కుంకుమే కనబడింది, అందుకే తిరగట్లేదు."

ఆయనకు కోపమొచ్చింది. వాదించలేదు నేను. వాదనకంటే పరీక్ష మేలు. ముందు ఏమీ తుడవకుండానే పలక బిగించి, చల్లారనిచ్చి, గుడ్డ మీదే పెట్టి, ఆయన శ్రుతిపెట్టెను మైకు ముందుంచాను. దానికి వయసు లేదు, అలుపు లేదు. మొదట ఒక్క మచ్చ లేకుండా వచ్చింది. కీర్తన పాడేంతసేపు గడిచింది, ఇంకా శుభ్రమే. ఇంకాసేపటికి లాప్‌టాప్ వేడెక్కింది. వేడెక్కితే కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే చెంబు వంపడం ఆలస్యమవుతుంది. టప్. టప్. తర్వాత చిటపట. శ్రుతిపెట్టె గొంతు చిట్లింది!

ఫ్యాను శుభ్రం చేసి, గుడ్డ తీసేసి, బల్లచెక్క మీద యంత్రం అడుగున రెండు సీసా మూతలు పెట్టి మళ్లీ చేశాను. అంతకు రెట్టింపుసేపు పెట్టాం. ఒక్క 'టప్' లేదు.

అప్పుడు నాకు అంతా కనపడింది. కీర్తన ముందు పాడాలి, అది ఆచారం. అందుకే అది చల్లటి యంత్రంలో పడింది. ముత్తమ్మ తర్వాత పాడాలి. అందుకే ఆమె వేడి యంత్రంలో పడింది. ఇద్దరికీ యంత్రం ఒకటే, వరస వేరు. ఆ వరసే ఆయనకు ఋజువైపోయింది. చరణం మాటల మధ్య ఒక 'టప్' పడితే ఎవరికీ తెలియదు. కదలకుండా నిలబెట్టిన గొంతులో పడితే అందరికీ తెలుస్తుంది. గుక్క నిలబెట్టగలగడమే ఆమె నేరమైంది. నేనేమో చల్లగా ఉన్న యంత్రం ముందు కాసేపు మాట్లాడి 'మిషను బాగానే ఉంది' అని తీర్పు చెప్పి వచ్చాను. పరీక్ష చేశాననుకున్నాను. జ్వరం లేని వేళ ఒళ్లు పట్టుకుని చూసి, రోగం లేదన్న వైద్యుడికీ నాకూ తేడా ఏముంది?

రెండు టీలు

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సిన చోటికి వస్తున్నాను.

ఫోర్‌మన్ గారు పట్టుగుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, "అయితే ముత్తమ్మది తప్పు కాదంటారు," అన్నాడు.

"కాదండీ. ఆవిడ తన పల్లెలో ఉంది గానీ సమ్మక్క ఇక్కడే ఉందిగా. పిలిచి చెప్పండి."

ఆయన వంటింటి వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నాలుగడుగుల దూరం.

"పనిమనిషిని పిలిచి క్షమాపణ చెప్పమంటారా ఏమిటండీ? అయిపోయిందిగా. పాట బాగానే వచ్చిందిగా, మీరే బాగుచేశారు." గొంతు పెంచి లోపలికి కేకేశాడు. "సమ్మక్కా! సౌండు దాదాకీ నాకూ రెండు టీలు తేమ్మా."

సమ్మక్క తెచ్చింది. "మిషను మంచిగైందా దాదా?" అంది.

"అయింది," అన్నాను.

ఆ టీ తాగాను.

ఇంజినీరు చెయ్యి నా భుజం మీద ఉందని చెప్పానే, ఆ క్షణంలో తెలిసింది. నేను మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడినవాణ్ణి. నిమ్మకాయల దండల్ని ఎగతాళి చేసినవాణ్ణి. కుంకుమ ఫ్యానును ఆపుతుందని ఒక ఫోర్‌మన్‌కు చెప్పే ధైర్యం నాకుంది. ఆ ఫోర్‌మన్ ఎదురుగా, అతని వంటమనిషికి 'మీ అమ్మ తప్పు లేదు' అని చెప్పే ధైర్యం లేదు. కుంకుమ పొడిని మించిన మూఢనమ్మకం ఆ గదిలో ఇంకొకటుంది. తప్పు ఎప్పుడూ కింద కూర్చున్నవాళ్లదే అన్నది ఆ నమ్మకం. దానికి నేనూ భక్తుణ్ణే.

ఛబ్బీస్ జనవరి

నాలుగు నెలల తర్వాత ఎర్రబోరు వైపు ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఛబ్బీస్ జనవరి, అంటే రిపబ్లిక్ డే కార్యక్రమానికి సౌండు పెట్టడానికి వెళ్లాను. పిల్లలు రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి నాట్ల పాట పాడారు. ఎక్కడ నేర్చుకున్నారని అడగక్కర్లేదు. నా అతుకులు నాకు తెలుసు. నేను కోసినచోటల్లా ఖచ్చితంగా ఆగారు. ఈ వరస నోరు మూయకముందే ఆ వరస అందుకుంది. మధ్యలో వాగు లేదు, ఊపిరి లేదు. చప్పట్లు కొట్టారు. టీచరమ్మ మైకులో, "మన సంస్కృతి" అంది.

కుర్చీల వెనక నేలమీద ముత్తమ్మ కూర్చుని ఉంది. మనవరాలు అక్కడే చదువుతోందట. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"మంచిగ పాడిన్రు గద దాదా పోరలు."

"గుక్క లేదమ్మా."

"లేదు. ఇప్పుడు నేను గూడ గట్లనే పాడుతున్న. మిషనుకు పొడుగు గిట్టదని అన్నరు గద. మొన్న వానకాలం నాట్లప్పుడు గట్ల పాడితే అవతలి గట్టు ఆడోళ్లు నవ్విన్రు. ఏంది వదినా, దమ్మైపోయిందా అన్నరు. మల్ల వాళ్లు గూడ అందుకుంట లేరు. ఫోన్ల పాట పెట్టుకుని నాటేత్తున్నరు."

నేను చెప్పాను. మొత్తం చెప్పాను. గుడ్డ, ఫ్యాను, కుంకుమ, వేడి. తప్పు ఆమెది కాదని, మిషనుదని, నాదని. ఆమె విన్నది. మొహంలో సంతోషం ఏమీ రాలేదు.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"విశ్వకర్మ పూజ మర్నాడు."

"సమ్మక్క చాయ్ ఇచ్చిందన్న దినమా?"

నేను తలూపాను.

"మిషను మంచిగైందంట అమ్మా అని ఫోను చేసింది నాకు. మల్ల పిలుస్తరేమో అనుకున్న. పొడుగు పాడమంటరేమో అని వాగు కాడికి పోయి గుక్క పట్టి సూసుకున్న కూడ." పెదవి విరిచి నవ్వింది. "ఎవ్వలు పిల్వలే."

నా లాప్‌టాప్ వెంటే ఉంది. తరగతి గదిలో బల్ల మీద పెట్టి, అడుగున గాలి ఆడేలా ఎత్తు పెట్టి, ముందే చాలాసేపు నడిపి వేడి చూసుకుని, ఆమెను పాడమన్నాను. పాడింది. నేను కోసినచోటే ఆగింది. నవ్వి, "అలవాటైంది" అంది. రెండోసారీ అక్కడే ఆగింది. మూడోసారి కళ్లు మూసుకుని గుక్క పట్టింది. పాత గుక్కలో సగం దూరం వెళ్లి గొంతు విరిగింది. దగ్గు వచ్చింది. మనవరాలు నీళ్లు తెచ్చింది.

"గిప్పుడు మాత్రం మిషనుది కాదు దాదా," అంది ముత్తమ్మ. "నాదే."

మళ్లీ పాడమని అడగలేకపోయాను. ఆ రికార్డింగు నా దగ్గర ఉంది. ఒక్క 'టప్' లేదు. యంత్రం ఏ తప్పూ చేయలేదు. ఆ పాట పూర్తిగా ఎలా ఉండేదో వినడానికి ఇప్పుడు ఎక్కడా దారి లేదు. చిటపటలతోనైనా సరే పూర్తిగా ఉన్నవి నేనే చెరిపేశాను.

మీరు చేయాల్సింది

పని నేర్చుకోండి. యంత్రాన్ని చల్లగా ఉన్నప్పుడు కాదు, పాట పాడేంతసేపు నడిపి, వేడెక్కాక పరీక్షించండి. మనిషి గొంతుతో కాదు, అలుపెరగని శ్రుతితో పరీక్షించండి. గుడ్డ తీసేయండి. కుంకుమ పెట్టాలనిపిస్తే మీ నుదుటికి పెట్టుకోండి, ఫ్యానుకు వద్దు. మీ కీర్తన ఒకరోజు చివర పాడి చూడండి. చిట్లిన రికార్డింగునైనా చెరపకండి. ఇదంతా తేలికే, వారం రోజుల్లో ఎవరికైనా వస్తుంది.

రానిది ఇంకొకటి ఉంది. మీలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరితో "మళ్లీ పాడు, సరిగా పాడు" అని ఉంటారు. పాడినవాళ్లు మీ వదినో, మీ ఇంట్లో పనిచేసే మనిషో, పామేడు నుంచి నడిచి వచ్చిన ముసలాయనో. ఇవాళే వాళ్ల పాత ఫైలు తెరవండి. మీ యంత్రాన్ని వేడెక్కనిచ్చి మళ్లీ పరీక్షించండి. తప్పు యంత్రానిదని తేలితే ఫోను చేయకండి, ఎవరిచేతా కబురు పంపకండి. టీ కోసం కేకేయకండి. లేచి వాళ్ల గుమ్మానికి వెళ్లి, నలుగురూ వినేలా, "తప్పు నీది కాదు, నాది" అని చెప్పండి. వాళ్లకు ఊపిరి ఉండగానే వెళ్లండి.